అవునా, కాదా, అటక మీదా?

కూర్చో నాయనా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. అది ఇప్పుడు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతోందో చెప్పగలవా? చెప్పలేవు. నీ తప్పేం లేదులే, నిన్ను ఎవరూ అడగలేదు. పెట్టె విప్పారు, మీట నొక్కారు, ఊరంతా దాంట్లోకి వచ్చి కూర్చుంది. మా రోజుల్లో యంత్రం అంత తేలిగ్గా లొంగేది కాదు. ముందు మనల్ని ఎదురుగా కూర్చోబెట్టి పెళ్లిచూపుల్లో పెద్దవాళ్ల కంటే ఎక్కువ ప్రశ్నలడిగేది. నోవెల్ వాళ్లతో మాట్లాడతావా? యాపిల్ వాళ్లతోనో? డెక్ వాళ్లతో చుట్టరికం ఉందా? రేడియో గాని ఉందా ఇంట్లో? ఒక్కో ప్రశ్నకూ అవునో కాదో తేల్చి చెబితేనే ముందుకు కదిలేది.

నేను చెప్పేది లినక్స్ కెర్నల్ సంగతి. హెల్సింకిలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991లో మొదలుపెట్టాడు. మన దాకా రావడానికి నాలుగైదేళ్లు పట్టింది. 1996లో పీసీక్వెస్ట్ పత్రికవాళ్లు సంచికతో పాటు లినక్స్ సీడీ పంచారు చూడు, అదీ మా పుణ్యకాలం. ఇంటర్నెట్‌లోంచి దించుకోవచ్చుగా అంటావేమో! విదేశ్ సంచార్ నిగమ్ వాళ్లు ఈ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిందే 1995 ఆగస్టు 15న. అది కూడా ముందు పెద్ద పెద్ద నగరాల్లోనే. టీసీపీ/ఐపీ ఖాతా కావాలంటే ఏడాదికి 15,000 రూపాయలు. ఆ రోజుల్లో అది చాలామంది గుమాస్తాలకు నాలుగైదు నెలల జీతం. ఊరవతలి వాళ్లతో ఫోన్లో మాట్లాడాలన్నా పావు రేటు కోసం రాత్రి పదకొండయ్యేదాకా ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడేవాళ్లం. అలాంటి కాలంలో సీడీ ఊడిపోయిన పత్రిక ఆబిడ్స్ ఆదివారం సంతలో సగం ధరకే దొరికేది. సీడీ ఉన్న పత్రిక చేతికొస్తే మాత్రం దాన్ని పదిమంది అరువు అడిగేవాళ్లు. తిరిగిచ్చేవాళ్లు తక్కువ.

సీడీ సంగతి వదిలేద్దాం, ప్రశ్నల దగ్గరికి వద్దాం.

సోర్సు విప్పి, ఆ డైరెక్టరీలోకి వెళ్లి ‘మేక్ కాన్ఫిగ్’ అని కొడితే చాలు, పురాణం మొదలయ్యేది. తెరమీద ఒక ప్రశ్న, దాని చివర కుండలీకరణంలో అక్షరాలు: వై, ఎన్, ఎం, ప్రశ్నార్థకం. వై అంటే ఈ సంగతి కెర్నల్ ఒంట్లోనే కలిపెయ్యి అని. ఎన్ అంటే వద్దని. ఎం అంటే మాడ్యూల్‌గా కట్టి విడిగా ఉంచమని. వాటిల్లో పెద్దక్షరంగా ఉన్నదేదో, ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే అదే మన జవాబు. వందల ప్రశ్నలు. వెనక్కి వెళ్లే దారి లేదు. నూట యాభయ్యో ప్రశ్న దగ్గర, ముప్పయ్యో దానికి తప్పు చెప్పామని గుర్తొస్తే కంట్రోల్-సీ కొట్టి మళ్లీ మొదటినుంచీ రావలసిందే. అందుకే తెలివైనవాళ్లు ముందే లాంగ్ నోట్‌బుక్కులో జవాబులు రాసుకుని కూర్చునేవాళ్లు. తరవాత ‘మెనూకాన్ఫిగ్’ అని నీలం రంగు తెర వచ్చింది, బాణం మీటలతో ముందుకీ వెనక్కీ తిరగొచ్చు. అది వచ్చాక పెద్దవాళ్లు కొందరు, ఈకాలం పిల్లలకు ఓపిక లేదని గొణిగారు. ఏ కాలంలో అయినా గొణిగే డ్యూటీ పెద్దవాళ్లదే, అందులో ఏ లోటూ రాలేదు.

ఆ ప్రశ్నార్థకం నొక్కితే ఏమయ్యేదో చెప్పనా? సాయం పాఠం వచ్చేది. ఆ పాఠాలన్నీ ఒకే పెద్ద ఫైల్లో ఉండేవి, ‘కాన్ఫిగర్ డాట్ హెల్ప్’ అని. ఆక్సెల్ బోల్ట్ అనే ఆయన ఆ ఫైలును ఏళ్లతరబడి ఓపిగ్గా చూసుకున్నాడు. ప్రతి పాఠం ఇది ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు అని చెప్పి, చాలాచోట్ల చివర్లో ఒక మాట అనేది: అనుమానంగా ఉందా, ఎన్ అనెయ్. ఎంత పెద్దమనిషి మాట అది! తెలియనివాణ్ని వెక్కిరించకుండా, భయపెట్టకుండా, తెలియకపోతే వద్దనమంది. నెట్‌వర్కుల పేజీకి వచ్చేసరికి ఆ మాట విలువ ఇంకా బాగా తెలిసేది. ఎందుకంటే అక్కడ మనకు వినబడేవన్నీ గొప్పింటి పేర్లు. ఐపీఎక్స్, యాపిల్‌టాక్, డెక్‌నెట్, ఎక్స్ డాట్ 25, ఎకోనెట్. ఏదీ వద్దనడానికి నోరు రాదు.

అలా నోరు రానివాడు ఒకడుండేవాడు మా దగ్గర. మంచి పిల్లవాడు, పేరెందుకులే. ఊరికే వస్తుందంటే నాకొకటి, మా అన్నకొకటి అనే రకం. వచ్చిన ప్రతి ప్రశ్నకూ వై కొట్టుకుంటూ పోయాడు. 486 యంత్రం, ఎనిమిది ఎంబీల మెమరీ. కంపైల్ చెయ్యమని వదిలేసి మేమంతా కిందికెళ్లి ఇరానీ చాయ్ తాగొచ్చాం. రెండు మూడు రూపాయలకు కప్పు వచ్చేది, ఉస్మానియా బిస్కెట్టు పక్కన పెట్టి. తిరిగొచ్చాం, ఇంకా అవుతోంది. భోజనం చేసొచ్చాం, ఇంకా అవుతోంది. ఆఖరికి తెరమీద ఏమొచ్చిందో తెలుసా? సిస్టమ్ మరీ పెద్దదైపోయింది, బీజెడ్‌ఇమేజ్ గాని మాడ్యూళ్లు గాని వాడి చూడు అని. ఇల్లు అలకగానే పండగ కాదు కదా!

పెద్దదైతే ఏమవుతుంది తాతయ్యా అంటావా? మామూలు ప్రోగ్రాములు వాడకుండా ఉంటే వాటి మెమరీని డిస్కు మీదికి నెట్టి చోటు చేసుకోవచ్చు. కెర్నల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒంట్లో కలిపినదేదైనా యంత్రం ఆపేదాకా మెమరీలో బాసింపట్టు వేసుక్కూర్చుంటుంది. అప్పట్లో ఒక్కో ఎంబీ మెమరీ వెయ్యి రూపాయలు దాటేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దిగి, నాలుగు దుకాణాల్లో బేరమాడి, నాలుగు ఎంబీల ముక్క ఒకటి కొన్న మనిషికి ఎవరూ మాట్లాడని భాష కోసం చోటు వదలాలంటే ప్రాణం ఉసూరుమనదూ?

అందుకే ఎం అనే అక్షరాన్ని కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. మీ అమ్మమ్మ ఇంట్లో పెద్ద గుండిగ ఎక్కడుండేదో గుర్తుందా? అటక మీద. పెళ్లో పేరంటమో వస్తే దించేవాళ్లు, అయిపోగానే తోమి మళ్లీ ఎక్కించేవాళ్లు. రోజూ వంటింట్లో అడ్డంగా పెట్టుకునేవాళ్లు కాదు, అలాగని అమ్మేసేవాళ్లూ కాదు. మాడ్యూలంటే అదీ. ఐపీఎక్స్ కావలసి వచ్చినప్పుడు ‘మోడ్‌ప్రోబ్’ కొట్టి దించుకునేవాళ్లం, పనైపోయాక ‘ఆర్ఎమ్‌మాడ్’ కొట్టి ఎక్కించేవాళ్లం.

ఇక ఐపీఎక్స్ అన్నాను కదా, దాని వైభోగం వినాలి నువ్వు. తొంభైల్లో ఆఫీసు నెట్‌వర్కంటే నోవెల్ నెట్‌వేరే. ఒక మూల గదిలో ఏసీ కింద సర్వరు, మిగతా వాళ్లంతా ఫ్యాను కింద. నల్లటి కోయాక్సియల్ తీగ బల్ల వెనక నుంచి బల్ల వెనక్కి పోయేది. ఒక్కో యంత్రం దగ్గర ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఒక ఇనుప ముక్క, రెండు కొసలా యాభై ఓమ్‌ల టర్మినేటర్లు. మొత్తం తీగ 185 మీటర్లు దాటకూడదు. ఊడ్చే మనిషి చీపురు తగిలి ఎక్కడైనా ఒక్క జాయింటు ఊడిందా, వరసంతా చచ్చిపోయేది. అప్పుడు అకౌంట్స్ పెద్దాయన దగ్గర్నుంచీ అందరూ బల్లల కింద దూరేవాళ్లు. హోదాలన్నీ మాసిపోయే ఘడియ అదొక్కటే ఆ ఆఫీసులో.

లైసెన్సులు కూడా లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు, ఐదుగురికో పదిమందికో పాతికమందికో. పదకొండోవాడికి లాగిన్ కావాలంటే ఉన్న పదిమందిలో ఎవరో ఒకరు లేవాలి. ‘సార్, కాస్త లాగవుట్ అవుతారా, రెండు ఓచర్లు కొట్టుకుని ఇచ్చేస్తాను’ అని అడిగే మర్యాద ఉండేది. భోజనానికి వెళ్తూ లాగవుట్ కాకుండా పోయినవాడి గురించి ఆఫీసులో నాలుగు రోజులు చెప్పుకునేవాళ్లు.

సరే, ఐపీఎక్స్ భాష జిరాక్స్ వాళ్ల ఎక్స్ఎన్ఎస్ అనే పాత భాషలోంచి పుట్టింది. దాంట్లో ఒక సుఖముంది. ప్రతి యంత్రానికీ చిరునామా కూర్చుని రాయక్కర్లేదు. నెట్‌వర్కు సంఖ్య ముప్పయ్ రెండు బిట్లు, అది సర్వరు చెబుతుంది. మిగతా నలభై ఎనిమిది బిట్లు నెట్‌వర్కు కార్డు మీద పుట్టుకతో ఉన్న మ్యాక్ సంఖ్యే. సర్వరు అరవై సెకండ్లకోసారి ‘నేనిక్కడున్నా, నేనిక్కడున్నా’ అని తీగంతా వినబడేలా చాటింపు వేసేది. పది సర్వర్లుంటే పది చాటింపులు.

మరి గొడవెక్కడొచ్చేదంటే, చుట్టే కాగితం దగ్గర. ఒకటే ఐపీఎక్స్ పొట్లాన్ని ఈథర్‌నెట్ మీద నాలుగు రకాలుగా చుట్టొచ్చు: 802.3 అని, 802.2 అని, స్నాప్ అని, ఈథర్‌నెట్ టూ అని. నెట్‌వేర్ 3.11 దాకా మామూలుగా 802.3 వాడారు, ఆ తరవాతి వాటిలో 802.2కి మారారు. ఒకడు ఒక చుట్టలో, ఇంకొకడు ఇంకో చుట్టలో ఉంటే పక్కపక్కన కూర్చున్నా ఒకరి మాట ఒకరికి వినబడదు. ఒక కంపెనీలో ఇద్దరు ఇంజనీర్లు దీని మీద మూడు పూటలు వాదించుకున్నారు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ. ఒకాయన సర్వరు పాతది, ఇంకొకాయనది కొత్తది. ఎవరికి వారు చెప్పేది నిజమే. కార్డు చెడిపోయిందని ఈయన, తీగ చెడిపోయిందని ఆయన కొత్తవి కొనిపించారు. ఎన్ఈ2000 కార్డులమ్మే దుకాణం అతను మాత్రం ఇద్దర్నీ గౌరవంగా చూసేవాడు.

లినక్స్‌లో దీనికి ‘ఐపీఎక్స్_ఇంటర్‌ఫేస్’ అనే ఆదేశం ఉండేది. ఏ కార్డు, ఏ చుట్ట, ఏ నెట్‌వర్కు సంఖ్య అని చెప్పాలి. చెప్పే ఓపిక లేకపోతే ‘ఐపీఎక్స్_కాన్ఫిగర్’ అనేదాంతో నీకు నువ్వే విని తెలుసుకో అని వదిలేయొచ్చు. అది సర్వర్ల చాటింపులు విని, ఎవరు ఏ చుట్ట వాడుతున్నారో గ్రహించేది. చెవులుండటం వేరు, వినడం వేరు నాయనా, ఆ ఇద్దరు ఇంజనీర్లకూ ఉన్నది మొదటిదే.

సంఖ్యలంటే గుర్తొచ్చింది. నెట్‌వేర్ సర్వర్లకు ఒక్కోదానికీ సొంతంగా ఒక లోపలి నెట్‌వర్కు సంఖ్య ఉండాలి, ఒకరిది ఒకరికి కలవకూడదు. హెక్సాలో ఎనిమిది స్థానాలు. హెక్సాలో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా ఉంటాయి కనక జనం వాటితో మాటలు కట్టేవాళ్లు. బయటి దేశాల వాళ్లకు కఫే, ఫేస్ లాంటివి ఇష్టం. మా వైపు ఒక సర్వరుకు భక్తితో బీ, ఏ, బీ, ఏ అని బాబా పేరు పెట్టారు. కొన్నాళ్లకు పక్క బ్రాంచివాళ్ల సర్వరును కలిపేసరికి ఏదీ నడవదు. చూస్తే వాళ్లూ బాబా భక్తులే! ఇద్దరు బాబాలు ఒక తీగ మీద ఇమడలేదు. లినక్స్ కెర్నల్లో కూడా ఈ లోపలి నెట్‌వర్కు గురించి ‘ఫుల్ ఇంటర్నల్ ఐపీఎక్స్’ అని ఒక ఉప ప్రశ్న ఉండేది. ఎందుకో తెలియకుండా వై అనవద్దని దాని సాయం పాఠం కూడా చెప్పేది.

ఆ ఐపీఎక్స్ కోసం లినక్స్‌లో ఎవరు కష్టపడ్డారో కూడా చెప్పాలి. నోవెల్‌ను ఏలిన రే నూర్డా, తరవాత డబ్బు పెట్టి నిలబెట్టిన కాల్డెరా అనే కంపెనీ ఇందులో చెయ్యి వేసింది. ఇక మార్టిన్ స్టోవర్ అనే ఆయన ‘మార్స్_ఎన్‌డబ్ల్యూఈ’ అని ఒక ప్రోగ్రాము రాశాడు. అది లినక్స్ యంత్రాన్ని నెట్‌వేర్ సర్వరులా నటింపజేసేది. లైసెన్సు లెక్క లేదు, లాగవుట్ బతిమాలుకోవడం లేదు. ఆఫీసులో చాలామందికి తాము మాట్లాడుతున్నది నోవెల్‌తో కాదని తెలిసేది కూడా కాదు. ఓచరు అచ్చయితే వాళ్లకు చాలు.

రాత్రిపూట ఇదే తీగ మీద ఇంకో భాగోతం నడిచేది. 1993 డిసెంబరులో డూమ్ ఆట వచ్చింది. నలుగురు కలిసి ఆడాలంటే ఐపీఎక్సే. మొదటి వెర్షన్ ప్రతి కదలికనూ అందరికీ చాటింపు వేసేది. ఆడేది నలుగురు, ఉలిక్కిపడేది నెట్‌వర్కంతా. చాలా ఆఫీసుల్లో దాన్ని నిషేధించారు. నిషేధించిన మేనేజరు కారు గేటు దాటేదాకా అందరూ ఓచర్లు కొడుతున్నట్టే కనబడేవాళ్లు, ఆ తరవాత సంగతి నీకు చెప్పక్కర్లేదు.

యాపిల్‌టాక్‌ది వేరే తీరు. అది మర్యాదస్తుల భాష. ముద్రణాలయాల్లో, ప్రకటనల కంపెనీల్లో మెకింటాష్‌లూ, లేజర్‌రైటర్ ప్రింటర్లూ ఉన్నచోట అది వినబడేది. పాత లోకల్‌టాక్ తీగ వేగం సెకనుకు 230.4 కిలోబిట్లు. నవ్వకు, పెళ్లి శుభలేఖలు ఆ వేగంతోనే అచ్చయ్యాయి, ఆ పెళ్లిళ్లు నిలబడ్డాయి కూడా. అందులో యంత్రం లేవగానే ఒక సంఖ్య అనుకుని, ‘ఈ పీట మీద ఎవరైనా కూర్చున్నారా అండీ?’ అని తీగ మీద అడిగేది. ఎవరూ పలకకపోతే కూర్చునేది. ఎవరైనా పలికితే ఇంకో పీట చూసుకునేది. లినక్స్‌లో కెర్నల్ భాగం ఆలన్ కాక్స్ రాశాడు, పైనుండే ‘నెట్‌అటాక్’ మిచిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఈ అడగడాలూ ఆగడాలూ అయ్యేదాకా యంత్రం బూటవుతూ కాసేపు నిలబడిపోయేది. కొత్తగా చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని కరెంటు తీసేసేవాళ్లు.

డెక్‌నెట్ మాత్రం ముక్కుసూటి దొర. డిజిటల్ కంపెనీ వాక్స్ యంత్రాలతో వచ్చిన భాష. మన రైల్వే రిజర్వేషన్ లెక్కలు కూడా ఆ కంపెనీ యంత్రాల మీదే నడిచాయి, అంత నమ్మకం వాటి మీద. డెక్‌నెట్ చిరునామాలో ఏరియా ఒకటి నుంచి 63 దాకా, ఆ లోపల నోడు ఒకటి నుంచి 1023 దాకా. 1.1 అన్నామనుకో. ఏరియాను 1024తో హెచ్చవేసి నోడును కలిపితే 1025. హెక్సాలో 0401. దాన్ని తిరగేసి 01-04 అని రాసి, ముందు ఏఏ-00-04-00 తగిలించు. ఏఏ-00-04-00-01-04. ఇది ఆ యంత్రం కార్డు మ్యాక్ సంఖ్య అయిపోవాలి! పుట్టుకతో వచ్చిన సంఖ్యను తీసేసి తన సంఖ్య వేసుకునేవాడన్నమాట. ఇప్పుడు చెప్పు, ఐపీఎక్స్ ఏం చేస్తుందన్నాను? పుట్టుకతో వచ్చిన మ్యాక్ సంఖ్యనే తన చిరునామాగా వాడుకుంటుంది. ముందు ఐపీఎక్స్‌ను లేపి, తరవాత డెక్‌నెట్‌ను లేపితే ఐపీఎక్స్ చిరునామా కింద నేల కదిలిపోతుంది. కాబట్టి వంతులు పాటించాలి: ముందు డెక్‌నెట్, తరవాతే మిగతావాళ్లు. విన్నావా లేక నిద్రపోతున్నావా? సరే, ఆ ఆవులింత నేను చూడలేదులే.

ఎక్స్ డాట్ 25 బ్యాంకులదీ, ప్రభుత్వానిదీ. టెలికాం శాఖ వారి ఐనెట్ ఆ భాషే మాట్లాడేది. లైన్లు గరగరలాడే కాలం కనక, మాట చేరేదాకా దారిలో ప్రతి మజిలీలోనూ సరిచూసుకుంటూ పోయేది. నిదానమే ప్రధానం. లినక్స్‌లో దీనికి వై కొట్టాలంటే ముందు ఇంకో ప్రశ్నకు వై కొట్టాల్సి వచ్చేది. అన్నిటికంటే మొదట అడిగేది అదే: ఇంకా పచ్చిగా ఉన్న కోడ్ గురించి కూడా నిన్ను అడగమంటావా అని. దానికి ఎన్ అంటే ఎక్స్ డాట్ 25, ఎకోనెట్ లాంటివి అసలు కనబడేవి కావు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, అక్కడ అడగడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చేది.

మనసారా వై కొట్టినవాళ్లను చూడాలంటే ఏఎక్స్ డాట్ 25 దగ్గరికి రావాలి. ఇది హ్యామ్ రేడియో వాళ్ల భాష. హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచీ ఉంది, ఈ పిచ్చి ఇక్కడ గట్టిదే. వాళ్ల నెట్‌వర్కులో చిరునామా అంటే ఆ మనిషి కాల్ సైనే, మన దేశంలో వీయూతో మొదలయ్యేది. సెకనుకు 1200 బిట్లు. నువ్వొక ఫొటో పంపే వేగంలో వాళ్లు రెండు వాక్యాలు పంపి, అవి చేరాయని పండగ చేసుకునేవాళ్లు. ఎవరి పిచ్చి వారికానందం. కాని ఎవరితో మాట్లాడాలో, ఎందుకు మాట్లాడాలో ముందే తెలిసి జవాబిచ్చింది వాళ్లే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్నాను, సర్దుకుని కూర్చో. మాడ్యూళ్లు వచ్చాక కెర్నల్‌కు ఒక సేవాగుణం అబ్బింది. ఏ ప్రోగ్రామైనా ‘నాకు నాలుగో నంబరు కుటుంబంతో మాట్లాడాలి’ అంటే, మనల్ని అడక్కుండా తనే అటకెక్కి ఆ మాడ్యూలు దించడం. నాలుగు ఐపీఎక్స్, ఐదు యాపిల్‌టాక్, పన్నెండు డెక్‌నెట్, పంతొమ్మిది ఎకోనెట్. ఆ మాడ్యూలు లేకపోతే యంత్రం రాసుకునే లాగు ఫైల్లో ఒక గొణుగుడు: నెట్-పీఎఫ్-4 అనే మాడ్యూలు దొరకలేదు, నెట్-పీఎఫ్-5 దొరకలేదు అని. పాపం ‘ఇఫ్‌కాన్ఫిగ్’ కొట్టినప్పుడల్లా అది అన్ని కుటుంబాల తలుపులూ తట్టి చూసేది కనక, లాగు నిండా ఇవే. కొత్తవాళ్లు యంత్రానికి ఏదో దోషం పట్టిందని హడలిపోయేవాళ్లు. మందు చాలా చిన్నది: మాడ్యూళ్ల జాబితా ఫైల్లో ‘ఎలియాస్ నెట్-పీఎఫ్-4 ఆఫ్’ అని ఒక వరస రాస్తే చాలు, ఇక ఆ కుటుంబం గురించి అడగవద్దని అర్థం.

చాలామంది రాయలేదు. దోషం లేదుగా, గొణిగితే గొణగనీ అన్నారు. లినక్స్ పంపిణీలు కట్టేవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, అన్నిటికీ ఎం కొట్టి అటకంతా నింపి పంపించారు. ఎవరికి ఏది అవసరమో అని మంచి మనసుతోనే. ఆ గుంపులో ఎకోనెట్ కూడా ఉంది. అదేమిటంటావా? బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ ఎనభైల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లతో బడులకిచ్చిన నెట్‌వర్కు. అక్కడి బడిపిల్లలు పెద్దవాళ్లయిపోయి, వాళ్ల పిల్లలు కూడా బడి దాటాక, 2010లో దాని పాపం పండింది. లినక్స్‌లోని ఎకోనెట్ కోడ్‌లో నెల్సన్ ఎల్‌హేజ్ అనే ఆయన లోపాలు కనిపెట్టాడు. డాన్ రోసెన్‌బర్గ్ వాటినీ, ఎల్‌హేజ్ కనిపెట్టిన ఇంకో లోపాన్నీ కలిపి, మామూలు వాడకందారు సర్వాధికారాలున్న రూట్ అయిపోవచ్చని చేసి చూపించాడు. చెయ్యవలసిందల్లా పంతొమ్మిదో కుటుంబాన్ని అడగడమే, కెర్నల్ తనే అటకెక్కి దించిపెడుతుంది. బీబీసీ మైక్రోను జన్మలో చూడనివాళ్ల సర్వర్లకు బీబీసీ మైక్రో భాష చేటు తెచ్చిందయ్యా!

ఆ తరవాత కదిలారు. ఉబుంటు పంపిణీ వాళ్లు అరుదైన నెట్‌వర్కులు కొన్నిటిని ఒక ఫైల్లో పేర్లు రాసి ‘ఆఫ్’ అని పెట్టేశారు. ఏఎక్స్ డాట్ 25, ఎక్స్ డాట్ 25, డెక్‌నెట్, ఎకోనెట్, అందరూ అందులో ఉన్నారు. కావలసినవాడు తనే పేరు పెట్టి పిలుచుకోవాలి, మిగతావాళ్ల ఇళ్లలో తనంత తాను దిగదు. అప్పటి ఆ చిన్న వరసే, నాయనా, లాగులో గొణుగుడు ఆపుతుందని మేం రాసుకున్నదే!

కెర్నల్ పెద్దలు కూడా అటక దులపడం మొదలుపెట్టారు. 2012లో 3.5 వెర్షన్‌తో ఎకోనెట్ పోయింది, దానితో పాటే ఐబీఎం వారి టోకెన్ రింగూ పోయింది. 2018లో 4.18తో ఐపీఎక్స్ పోయింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య! నోవెల్ వాళ్లే 1998లో నెట్‌వేర్ 5తో ఐపీ దారి పట్టారు, ఇక ఎవరినని ఏం లాభం. డెక్‌నెట్‌ను 2010 నుంచే చూసేవాడు లేక అనాథ అని రాసి ఉంచారు, 2022 చివర్లో 6.1తో సాగనంపారు. ఇంత ఆలస్యమెందుకంటే, ప్రతిదానికీ ఎక్కడో ఒకడుంటాడేమోనని మొహమాటం. వాడుకునేవాడు ఒక్కడున్నా ఉంచొచ్చు. బాగుచేసేవాడు ఒక్కడూ లేకపోతే మాత్రం ఉంచకూడదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని తెలియడానికి అందరికీ చాలా ఏళ్లు పట్టింది.

పోయాయని కళ్లనీళ్లు పెట్టుకోకు. పాత డూమ్ ఆడాలని ఇప్పుడెవరికైనా పుడితే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము ఉంది. అది ఐపీఎక్స్ పొట్లాన్ని యూడీపీలో పెట్టి ఇప్పటి ఇంటర్నెట్ మీదే పంపిస్తుంది. కెర్నల్‌కు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మోజున్నవాడు తన మోజును తనే మోసుకుంటాడు, ఊరందరి నెత్తినా పెట్టడు. నాకైతే ఇదే న్యాయంగా తోస్తుంది.

మా కాలపు ప్రశ్నలు విసుగు పుట్టించేవి, నిజమే. కాని ఒక్కోదాని దగ్గరా ఆగి, నేను మాట్లాడవలసింది ఎవరితో అని ఆలోచించుకునేవాళ్లం. ఇప్పుడు నీ కెర్నల్ వేల ప్రశ్నలకు ముందే జవాబులు చెప్పేసుకుని వస్తుంది, చాలావరకు ఎం అనే. అది చెడ్డదనను. అటక మీద ఏముందో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలంటాను, అంతే. రేపు ఆఫీసుకెళ్లాక నీ సర్వరు మీద ‘ఎల్ఎస్‌మాడ్’ కొట్టు. వచ్చిన ప్రతి పేరూ ఎందుకు దిగిందో చెప్పగలవేమో చూడు. చెప్పగలిగిన వాటిని ఉంచు. తెలియనివాటిని వెంటనే పీకెయ్యకు, ఆ కోపం కూడా మంచిది కాదు, ముందు ఎవరు వాడుతున్నారో అడుగు. ఎవరూ పలక్కపోతే ‘ఆఫ్’ అని ఒక వరస రాసి, పక్కన తేదీ వెయ్యి. ఆ వరస రాయకుండా నాకు ఫోన్ చేసి, తాతయ్యా లాగులో ఏదో వస్తోంది అన్నావో, ఈ ముచ్చటంతా మళ్లీ మొదటినుంచీ చెబుతాను, చూసుకో.